హాల్లో కనబడకుండా, వినబడకుండా: చిన్న పగడాల తొట్టికి ఆటోమేటిక్ డోసింగ్

సముద్రం చూడాలంటే నల్లగొండ నుంచి సూర్యలంక దాకా, రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లకు పైగా వెళ్ళాలి. అయినా ఇక్కడా, మిర్యాలగూడలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ హాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే. పగడాలకు కావలసిన ద్రావణాలను రోజూ సిరంజితో పోయడం కుదరడం లేదు, వేళకు తానే కొలిచి పోసే డోసింగ్ పంపు పెట్టాలి. కానీ సీసాలు, గొట్టాలు కనబడితే ఇంట్లో ఒప్పుకోరు, రాత్రి శబ్దం వస్తే అసలే ఒప్పుకోరు. ఎలా?

దాచడం కష్టం కాదు. ఒక పూట పని. దాచినదాన్ని మరిచిపోకుండా ఉండటమే కష్టం. అందుకే కింద చెప్పిన వరుసలో సగం దాచడానికైతే, సగం మరిచిపోకుండా ఉండటానికి.

అసలు మీకు ఇది అవసరమా?

రాతి పగడాలు, రాళ్ళ మీద పెరిగే గులాబీ రంగు కోరలైన్ నాచు తమ గట్టి భాగాలను కట్టుకోవడానికి నీటిలోని కాల్షియాన్ని, క్షారతను వాడుకుంటాయి. మన అక్వేరియం వాళ్ళ భాషలో ఆ క్షారతే కేహెచ్. కింద కేహెచ్ అంకెలన్నీ డిగ్రీల్లో (డీకేహెచ్). వాడుకున్నంత తిరిగి పోయాలి, అంతే. మీ తొట్టిలో మష్రూములు, జోవాంథిడ్లు అనే మెత్తటి రకాలు మాత్రమే ఉంటే వారానికి పది శాతం నీరు మార్చితే చాలు. పంపు కొనకండి, డబ్బు మిగుల్చుకోండి.

ఇంకొక మాట. రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. దిగుమతి కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర చిటికెన వేలంత ముక్క కూడా కొనకండి. నేను కనబడకుండా అంటున్నది గొట్టాల గురించే.

కావలసినవి

- రెండు తలల (రెండు ద్రావణాలను వేరువేరుగా పోసే) పెరిస్టాల్టిక్ డోసింగ్ పంపు. కమోయర్, జెబావ్ లాంటివి హైదరాబాద్ దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. స్టెప్పర్ మోటారు ఉన్నది తీసుకోండి. కాస్త ఖరీదు ఎక్కువ, కానీ చప్పుడు చాలా తక్కువ.
- పంపుకు తగిలించడానికి 250 మి.లీ. సీసాలు రెండు, ద్రావణం కలిపి ఉంచడానికి లీటరు సీసాలు రెండు. లోపలి మట్టం కనిపించేవి కావాలి.
- తినే సోడా. మిర్చి బజ్జీల పిండిలో వేసేదే. బేకింగ్ పౌడర్ పనికిరాదు, బట్టల సోడా అసలే పనికిరాదు.
- కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్. ఆహార తరగతిది గానీ, ప్రయోగశాల తరగతిది గానీ. బీరువాలో తేమ పీల్చడానికి పెట్టే పొట్లాలను విప్పి వాడాలని చూడకండి.
- కేహెచ్ కిట్, కాల్షియం కిట్, 10 మి.లీ. సిరంజి, గ్రాముల తూకం, రిఫ్రాక్టోమీటరు (ఉప్పదనం చూడటానికి), టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు చూడటానికి).
- ఎలక్ట్రీషియన్లు వాడే సన్నని పీవీసీ కేసింగ్ పట్టీ, పాత హవాయి చెప్పు ఒకటి. చెప్పు ఎందుకో తర్వాత చెబుతాను.

నీళ్ళ సంగతి

నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తొట్టికి ఫ్లోరైడ్ పెద్ద శత్రువు కాదు. సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు ఉంటుంది. మన బోరు నీటితో చిక్కు వేరే. అందులోని నైట్రేటు, సిలికా నాచును పెంచుతాయి. దానికున్న సొంత క్షారత మన లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే నల్లగొండ పద్ధతి మన జిల్లా పేరుతో దేశమంతా తెలిసినదే, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినదే. అది తాగునీటి కోసం. అలా తేర్చిన నీటిలో అల్యూమినియం కాస్త మిగిలే వీలుంది కాబట్టి తొట్టికి వద్దు.

ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు స్వచ్ఛమైనవే కదా అంటారు. టీడీఎస్ మీటరు ముంచి చూడండి. రుచి కోసం ప్లాంటువాళ్ళు కొంత లవణాన్ని అలాగే ఉంచుతారు, మీటరు సున్నా చూపదు. ఇంట్లో ఆర్వో ఉంటే దాని తర్వాత మిగిలిన లవణాలను తీసేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించండి. మీటరు 0 చూపిన నీటితోనే ద్రావణాలు కలపండి, ఆవిరైన నీటిని భర్తీ చేయండి.

1. రెండు ద్రావణాలు కలపండి

మొదటి సీసా: 84 గ్రాముల తినే సోడా తీసుకుని, మొత్తం ఒక లీటరు అయ్యేదాకా నీరు పోయండి. లీటరు నీటిలో 84 గ్రాములు వేయడం కాదు, రెండూ కలిపి లీటరు. త్వరగా కరగదు. గోరువెచ్చని నీటితో అరగంట అప్పుడప్పుడూ కలుపుతూ ఉండండి. మరిగించకండి. మరిగిస్తే అది వేరే పదార్థంగా మారి పీహెచ్‌ను ఎక్కువగా పెంచుతుంది.

రెండో సీసా: 73.5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, ఇదీ మొత్తం లీటరు. నీటిలోకి పొడి వేయండి, పొడి మీద నీరు పోయకండి, వేడెక్కుతుంది. డబ్బా మీద అణుభారం 147 అని ఉందో లేదో చూసుకోండి. 111 అని ఉంటే అది నీరు లేని రకం, 55.5 గ్రాములు చాలు. ఈ పొడి గాలిలోని తేమను పీల్చి ముద్దవుతుంది, ముద్దయినదాన్ని తూచితే లెక్క తప్పుతుంది.

ఈ కొలతలే ఎందుకంటే, ఇలా కలిపితే రెండు సీసాల నుంచీ సమానంగా పోస్తే సరిపోతుంది. పగడం ఎంత నిష్పత్తిలో వాడుకుంటుందో అదే నిష్పత్తి. సీసాల మీద పెద్ద అక్షరాలతో పేర్లు రాయండి. గరాటు కూడా దేనికది వేరుగా ఉంచండి.

2. కిట్‌ను నమ్మే ముందు పరీక్షించండి

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. లీటరు డీఐ నీటిలో మొదటి సీసా నుంచి సరిగ్గా 3 మి.లీ. వేసి బాగా కలపండి. ఆ నీటి కేహెచ్ 8.4 ఉండాలి. మీ కిట్‌తో చూడండి. 8.1 నుంచి 8.7 మధ్య వస్తే కిట్ మంచిదే. 9.5 చూపిస్తే, మీ తొట్టి 8.5 అని మీరు మురిసిపోతున్నప్పుడు నిజానికి అది 7.5 దగ్గర ఉందన్నమాట. తూకం తప్పిందా, కిట్ పాతబడిందా అన్నది ఇంకో కిట్‌తో తేల్చుకోండి.

3. తొట్టి రోజుకు ఎంత తింటోందో కొలవండి

ముందు నీరు నిజంగా ఎంత ఉందో లెక్కేయండి. 60 × 40 × 40 సెంటీమీటర్ల తొట్టి అంటే కాగితం మీద 96 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నా తొట్టిలో మిగిలింది 70.

మూడు రోజులు ఏమీ పోయకండి. మొదటి రోజూ, నాలుగో రోజూ ఒకే సమయానికి కేహెచ్ చూడండి. మధ్యలో 7 కంటే దిగితే ఆపేసి అప్పటిదాకా ఉన్న లెక్కతో సరిపెట్టుకోండి. నాకు 8.8 నుంచి 7.6కు వచ్చింది. మూడు రోజులకు 1.2, అంటే రోజుకు 0.4. ఇక లెక్క:

రోజుకు తగ్గే కేహెచ్ × నీటి లీటర్లు ÷ 2.8 = రోజుకు పోయాల్సిన మి.లీ.

0.4 × 70 ÷ 2.8 = 10. ప్రతి సీసా నుంచి రోజుకు 10 మి.లీ.

ఎండాకాలంలో ఒక జాగ్రత్త. మే నెలలో ఫ్యాను పెట్టి చల్లబరిచే తొట్టిలో రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు ఆవిరైపోతాయి. నీరు తగ్గి ఉన్నప్పుడు పరీక్షిస్తే 8.5 కాస్తా 8.7 అని చూపుతుంది. భర్తీ చేసి, అరగంట తిరగనిచ్చి అప్పుడు చూడండి.

4. పంపును దాచండి

పెరిస్టాల్టిక్ పంపు లోపల జరిగేది చెరుకు రసం మిషను పనిలాంటిదే. రోలర్లు తిరుగుతూ గొట్టాన్ని ఒత్తుకుంటూ పోతాయి, లోపలి ద్రావణం ముందుకు జరుగుతుంది. డయాలిసిస్ యంత్రంలో రక్తాన్ని తిప్పేదీ ఇదే పద్ధతి. ఈ తిరగడం వల్ల వచ్చే సన్నని గుర్రుమనే చప్పుడు పంపుకంటే అది బిగించిన చెక్క నుంచే ఎక్కువ వస్తుంది. స్టాండు వెనక ఉండే పలచటి ప్లైవుడ్‌కు బిగిస్తే అది డప్పులా మోగుతుంది. పాత హవాయి చెప్పును అరచేయంత ముక్కగా కోసి, పంపు కింద పెట్టి, స్టాండు అడుగు పలక మీద ఊరికే నిలబెట్టండి. స్క్రూలు వద్దు. నేను కొన్న రబ్బరు మెత్తల కంటే ఈ చెప్పు ముక్కే బాగా పనిచేసింది.

సీసాలు తొట్టి నీటి మట్టం కంటే కిందే ఉండాలి. పైన అరలో పెడితే, రోలరు అరిగిన రోజున ద్రావణమంతా దానంతట అదే తొట్టిలోకి జారిపోతుంది.

స్టాండుకు తలుపులు లేకపోతే పక్కన పుస్తకాల అర కింది గదిని వాడుకోవచ్చు. చెప్పుల స్టాండు మాత్రం వద్దు, దుమ్ము. ఎక్కడ పెట్టినా గాలి ఆడాలి. మూసిన అరలో ఉప్పు తేమ చేరి అడాప్టరు పిన్నులు పచ్చబారతాయి. ప్లగ్గులన్నీ ఎత్తులో ఒక పక్కకు పెట్టి, ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా సర్దండి. నీటి చుక్క వైరు వెంట జారితే ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, ప్లగ్గులోకి వెళ్ళదు. ఆ లైనుకు కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పంపు కంటే ముందు అది పెట్టించండి.

సీసా మట్టం మాత్రం దాచకండి. మేత డబ్బాను సీసాల పక్కనే పెట్టుకోండి. చేపలకు మేత వేసే ప్రతిసారీ తలుపు తీస్తారు, మట్టం కంట పడుతుంది.

5. గొట్టాలు

స్టాండు వెనక నుంచి తొట్టి అంచు దాకా కేసింగ్ పట్టీలో నడపండి. గోడ రంగు పట్టీ అయితే ఎవరి కంటా పడదు. పారదర్శకమైన గొట్టం వెలుతురు పడే చోట ఆకుపచ్చగా మారుతుంది, నల్ల గొట్టం మేలు.

కొస నీటిలో మునగకూడదు. నీటికి రెండు సెంటీమీటర్ల పైన ఆగాలి. మునిగితే ఉప్పు గడ్డకట్టి మూసుకుపోతుంది. రెండు కొసల మధ్య కనీసం జానెడు దూరం, రెండూ నీరు వేగంగా కదిలే చోట. దగ్గర దగ్గరగా పడితే రెండు ద్రావణాలూ కలిసి తెల్లగా పొడిలా రాలిపోతాయి. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొర ఉందే, అదే పదార్థం. వెనక గదులున్న తొట్టి అయితే సోడా గొట్టాన్ని హీటరు ఉన్న గదిలోకి దించకండి. గిన్నెలో పేరుకున్నట్టే హీటరు మీదా పేరుకుంటుంది.

6. పంపు కొలత సరిచూడండి

గొట్టాలు వాటి చివరి పొడవులో, చివరి ఎత్తులో ఉన్నప్పుడే ఇది చేయాలి. ముందుగా గొట్టం నిండా ద్రావణం చేరి, బుడగలు పూర్తిగా పోయేదాకా నడపండి. తర్వాత 10 మి.లీ. పోయమని చెప్పి, కొసను ముక్కు మూసిన సిరంజి గొట్టంలో పెట్టి కొలవండి. మూడుసార్లు చేయండి. మూడూ దగ్గరగా వస్తేనే సరి. ఒకసారి 9, ఒకసారి 11 వస్తే ఎక్కడో గాలి దూరుతోంది.

పంపు లేకుండా మామూలు మోటారుకు గోడ టైమరు తగిలించి నడుపుతామని కొందరు అడుగుతారు. ముళ్ళు తిరిగే టైమర్లలో అతి తక్కువ వ్యవధి సాధారణంగా 15 నిమిషాలు. నిమిషానికి 40 మి.లీ. పోసే మోటారు ఆ వ్యవధిలో 600 మి.లీ. పోస్తుంది. 70 లీటర్ల తొట్టిలో కేహెచ్ 24 పెరుగుతుంది. ఆ తర్వాత పగడాలు మిగలవు.

7. వేళలు పెట్టండి

10 మి.లీ.ని ఒకేసారి కాకుండా ఐదు విడతలుగా, 2 మి.లీ. చొప్పున పోయండి. విడతకు 1 మి.లీ. కంటే తగ్గిస్తే చవక పంపుల కచ్చితత్వం పోతుంది. సోడాకు, కాల్షియానికి మధ్య గంట తేడా ఉంచండి.

పుస్తకాల ప్రకారమైతే రాత్రి పూట మంచిది, అప్పుడు పీహెచ్ తగ్గుతుంది కాబట్టి. మా నాన్నగారు హాల్లోనే పడుకుంటారు. అందుకని నేను సోడాను ఉదయం 6, 9, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6కు పెట్టాను. కాల్షియం ఒక్కోదాని తర్వాత గంటన్నరకు. తినే సోడా పీహెచ్‌ను పెద్దగా మార్చదు కాబట్టి నష్టమేమీ కనబడలేదు. సాయంత్రం 6 గంటల విడత టీవీ వార్తల్లో కలిసిపోతుంది.

ఇప్పుడు కరెంటు పరీక్ష. ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టండి. గడియారం సరైన సమయమే చూపుతోందా? వేళలు గుర్తున్నాయా? కొన్ని పంపులు కరెంటు వచ్చిన ప్రతిసారీ రోజును మొదటి నుంచి ప్రారంభిస్తాయి. రోజుకు నాలుగు కోతలు ఉన్న వేసవిలో మోతాదు లెక్క పూర్తిగా తప్పుతుంది. అలాంటి పంపు అయితే ఇన్వర్టరు లైనుకు కలపండి, లేదా వెనక్కి ఇచ్చేయండి.

8. మొదటి వారం

లెక్కలో వచ్చినదానిలో సగంతో మొదలుపెట్టండి. రోజూ ఒకే వేళకు కేహెచ్ చూసి తలుపు లోపలి వైపు అంటించిన కాగితం మీద రాయండి. నాలుగో రోజుకు పూర్తి మోతాదుకు వెళ్ళండి. ఆ తర్వాత తగ్గుతూ ఉంటే 10 శాతం పెంచండి, పెరుగుతూ ఉంటే 10 శాతం తగ్గించండి. ఒకసారికి ఒక్క మార్పే, దాని ఫలితం మూడు రోజులు చూశాకే రెండోది. కేహెచ్ 8, 9 మధ్య ఎక్కడో ఒకచోట కదలకుండా ఉంటే చాలు. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1350. మెగ్నీషియం చాలా నెమ్మదిగా తగ్గుతుంది. దానికి మూడో తల వద్దు, నెలకోసారి చూసి చేత్తో సరిచేస్తే సరి.

సీసాలో ఎంత పోయాలి?

వారానికి సరిపడా మాత్రమే, అంటే ఈ లెక్కలో 70 మి.లీ. పంపు మొరాయించి మొత్తం ఒకేసారి పోసేసినా కేహెచ్ 2.8 కంటే ఎక్కువ పెరగదు. తొట్టికి దెబ్బ తగులుతుంది, కానీ మిగులుతుంది. అదే సోడా సీసాలో అర లీటరు ఉంటే 20 పెరుగుతుంది. మళ్ళీ మళ్ళీ నింపే బద్ధకంతో పెద్ద క్యాను పెట్టేవాళ్ళను చూశాను. ఆ బద్ధకానికి అద్దె చాలా ఎక్కువ.

సీసా మీద కాగితపు టేపు నిలువుగా అంటించి 10 మి.లీ.కి ఒక గీత గీయండి. ఆదివారం నింపితే బుధవారం సాయంత్రానికి మూడు, నాలుగు గీతలు దిగాలి. పంపు తెర ఏం చెప్పినా ఈ టేపునే నమ్మండి. గొట్టం మూసుకుపోయినా తెర మాత్రం పోశానని చెబుతూనే ఉంటుంది.

నేను చేసిన పొరపాటు

మొదటిసారి పంపును ఎంత చక్కగా దాచానంటే, మూడు వారాలు ఆ తలుపే తీయలేదు. సోడా సీసా ఎప్పుడో ఖాళీ అయింది. కోరలైన్ నాచు అంచులు తెల్లబడినప్పుడు కిట్ తీశాను. 6.2. కంగారుపడి ఒక్క సాయంత్రంలోనే 8.5కు ఎక్కించాను. మర్నాటికి కొమ్మల పగడం మొనలన్నీ సున్నం పూసినట్టు అయ్యాయి. మూడు వారాల లోటు దాన్ని చంపలేదు, నా ఒక్క సాయంత్రపు తొందర దెబ్బతీసింది. కేహెచ్ పడిపోతే రోజుకు 0.5, మహా అయితే 1 చొప్పునే పెంచండి.

తరచూ జరిగే మరికొన్ని: పీహెచ్ తక్కువగా ఉందని సోడా పెంచడం (హాలు కిటికీలు తెరిచి చూడండి, చాలాసార్లు గదిలోని కార్బన్ డయాక్సైడే కారణం), కాల్షియం ఒకటే తగ్గిందని దాని పంపు ఒక్కటే పెంచేయడం (ముందు కిట్ మళ్ళీ చూడండి), నింపేటప్పుడు సీసాలు తారుమారు కావడం. తారుమారైతే గొట్టంలోనే తెల్లగా గడ్డ కడుతుంది. అప్పుడు ఆ గొట్టాన్ని తీసేసి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టండి.

నెలకోసారి, ఏడాదికోసారి

నెలకోసారి 6వ మెట్టు మళ్ళీ చేయండి. లవణీయత కూడా చూడండి, ఎందుకంటే ఈ రెండు ద్రావణాలూ కలిసినప్పుడు మామూలు ఉప్పు మిగులుతుంది. రోజుకు 10 మి.లీ. చొప్పున నెలకు సుమారు 17 గ్రాములు. 70 లీటర్లలో అది తక్కువే అయినా ఏడాదిలో లెక్కకు వస్తుంది. రిఫ్రాక్టోమీటరును లవణీయత 35 ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచేసి చూసి, ఎక్కువైతే నీరు మార్చేటప్పుడు కొత్త నీటిని కాస్త పలచగా కలపండి. పంపు తలలోని గొట్టాన్ని ఏడాదికోసారి మార్చండి. వేసవి మొదలయ్యే ముందు మార్చితే మంచిది.

బతుకమ్మకు, దసరాకు ఊరెళ్తుంటే సీసాలో ఎన్ని రోజులకో అంత, పైన ఒక్క రోజుది పోయండి. పది రోజులకు 110 మి.లీ. పక్కింటివాళ్ళకు పోసే పని అప్పగించకండి. రెండు రోజులకోసారి తలుపు తీసి టేపు గీతలు కనిపించేలా ఫోటో తీసి పంపమనండి చాలు. గీత కదలకపోయినా, ఒక్కసారిగా దిగిపోయినా ప్లగ్గు పీకేయమని ఫోన్లో చెప్పండి. పోయకపోతే నాలుగైదు రోజులు తొట్టి ఓర్చుకుంటుంది. ఏ ప్లగ్గు పీకాలో తెలియడానికి దాని మీద ఎర్ర టేపు చుట్టి వెళ్ళండి, లేకపోతే నీరు తిప్పే మోటారుది పీకేస్తారు.